ఎవరి ఫోను, ఎవరి వ్రేలు?

పత్తి పండించిన రైతు దానిని అమ్ముకొనుటకు బండి కట్టుకొని మార్కెట్టు దారి పట్టిన చాలునను కాలము గడచినది. 2025 పంటకాలము నుండి మఱియొక మెట్టు చేరినది. మనవారందఱు సీసీఐ యని పిలుచు భారత పత్తి సంస్థ ‘కపాస్ కిసాన్’ అను యాప్‌ను వెలువరించినది. మద్దతు ధరకు పత్తి అమ్మగోరు రైతు తన పేరును, ఆధారు సంఖ్యను, భూమి వివరములను అందు నమోదు చేసికొనవలెను. సరుకు తెచ్చు దినమును సయితము అందే ఎన్నుకొనవలెను. ఆ యేటికి పొడుగుపింజ పత్తికి ప్రకటించిన ధర క్వింటాలునకు రు. 8,110. తేమ నూటికి 8 పాళ్లు దాటిన కొలది ధర తగ్గును. 12 దాటినచో కొనుగోలే లేదు. ఈ లెక్కలన్నియు ఆదిలాబాదు నల్లరేగడి రైతునకు కంఠస్థములు. పత్తిని పిడికిట పట్టి తేమ యెంతయో చెప్పగలవాడు, అఱచేతిలోని అద్దపు తెరమీద వ్రేలు మోపుటకు జంకుచున్నాడు. పేరు నమోదైన మాట నిజమే. ఆ మోపిన వ్రేలు ఎవరిది? కొన్ని యిండ్లలో కొడుకుది. కొన్ని యూళ్లలో వ్యవసాయ విస్తరణాధికారిది. తక్కిన చోట్ల మండల కేంద్రములోని జిరాక్సు దుకాణపు కుఱ్ఱవానిది.

ఈ వ్రేలి సంగతినే నేడు పాఠకుల ముందుంచదలచితిమి.

దీనిని గూర్చి పట్టణములలో వినవచ్చు వ్యాఖ్య యొక్కటే: పల్లెవారికి చదువు లేదు, కావున ఈ విద్య వారి కబ్బదు. 2011 జనాభా లెక్కలను ముందుపెట్టి, ఉమ్మడి కరీంనగరు జిల్లాలో నూటికి 64 మందియు, ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో 61 మందియు మాత్రమే అక్షరాస్యులని చూపుదురు. స్త్రీలలో ఆ సంఖ్య సగమునకు కొంచెమే మించినది. లెక్కలు నిజమే. వానినుండి తీసిన తీర్పు మాత్రము నిజము కాదు. ఆ తీర్పు చెప్పువారు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములలో ఏ గల్ఫు కుటుంబపు గడపనైనను సాయంకాలపు వేళ తొక్కి చూచినారా యని మా ప్రశ్న.

ఒక వాటా తగాదా నిమిత్తము జగిత్యాల దాపునగల ఒక గ్రామమునకు మేము పోయియుంటిమి. కాగితములు చూపవలసిన యజమాని పొలము నుండి రాలేదు. అరుగుమీద ఆయన తల్లి బీడీలు చుట్టుచున్నది. అంతలో ఫోను మ్రోగినది. ఆమె చేటను ప్రక్కకు నెట్టి, వ్రేళ్లను కొంగున తుడుచుకొని, దుబాయిలోనున్న పెద్దకొడుకు ముఖమును తెరమీద చూచుచు పది నిమిషములు మాటలాడినది. అక్షరము ముక్క రాని మనిషి. మేము ఆశ్చర్యపడుట చూచి ఆమెయే మాకు పాఠము చెప్పినది: “వకీలుసాబూ, దుబాయికైతే ఇది. గా దేశంల పచ్చది నడవది. మా బిడ్డ ఇక్కడ్నే ఉంటది, దానికైతే పచ్చది.” ఎమిరేట్ల దేశమున వాట్సాప్‌పై సంభాషణలకు అనుమతి లేనందున మన వలసకూలీలు ఇమో వంటి వేఱు యాప్‌లను పట్టినారను సంగతిని పత్రికలవారు తరువాత వ్రాసియుందురు గాని, మాకు తెలిపినది ఆ యవ్వయే.

ఎవరు నేర్పిరని యడిగితిమి. “మనుమరాలు ఒక్కపారి చూపింది. తర్వాత తప్పుబోయి తప్పుబోయి నేర్చిన” అన్నది.

పాఠకులు ఈ ‘తప్పుబోయి’ అను మాటను జ్ఞప్తియందుంచుకొందురుగాక. మేము వ్రాయబోవునదంతయు దాని వ్యాఖ్యానమే.

ఆమె పేర్లు చదువదు. పేరు ప్రక్కన బొమ్మను చూచును. యాప్ పేరు చదువదు. రంగును, అది తెరమీద నుండు చోటును చూచును. బజారులో కిరాణా దుకాణమును, మంగలి దుకాణమును పలకలు చదివి పోల్చుకొనువారెవరు? అట్లే. కాని ఒకనాడు ఫోను తనంతట తాను క్రొత్త రూపు తెచ్చుకొని గుర్తులను అటునిటు మార్చును. అప్పుడు రాత్రికి రాత్రి బజారులోని దుకాణములన్నియు చోట్లు మారినట్లు ఆమె నిలువబడిపోవును. చదివినవారికి ఈ బాధ తెలియదు. యాప్‌లు కట్టువారందఱును చదివినవారే.

మఱియొక చిక్కును మేము స్వయముగ నేర్పబూనినప్పుడు గాని కనుగొనలేదు. మీటలున్న పాత ఫోను బలము కోరెడిది, నొక్కవలెను. ఈ క్రొత్త తెరకు బలముతో పనిలేదు. అద్దము క్రింద సన్నని విద్యుత్తు వల యుండును. వ్రేలు తాకినంతనే అచ్చటి విద్యుత్తులో కలుగు మార్పును బట్టి ఫోను గ్రహించును. గట్టిగ నొక్కి పట్టినచో అది వేఱొక ఆజ్ఞయని యెంచి, గుర్తులను కదల్చును, తుడిచివేయుదునా యని యడుగును. నాగలి పట్టిన చేయి, కొడవలి పట్టిన చేయి సహజముగ గట్టిగ నొక్కును. పైగా మేము చెప్పు మాట యేమి? “ఒత్తు, అవ్వా, ఒత్తు.” ఆమె ఒత్తెడిది, గుర్తు మాయమయ్యెడిది, ఆమె చేయి వెనుకకు తీసికొనెడిది. నేర్చుకొనువారి తప్పనుకొంటిమి. మూడవ వారమున మాలో నొకరికి తోచి “ముట్టి ఇడువుండ్రి” అన్నారు. ఆనాటితో చిక్కు చాలవఱకు తీరినది. ఒక్క క్రియాపదము! యాప్‌లలోని తెలుగు నేటికిని ‘నొక్కండి’, ‘క్లిక్ చేయండి’ అనియే యున్నది. బీడీలు చుట్టి వ్రేలిచర్మము ఎండి కాయలు గాచిన స్త్రీల స్పర్శను ఆ తెర యొకొక్కప్పుడు గుర్తింపనే గుర్తింపదు. అదే వ్రేలి గీతలు అరిగిపోయినందున ఆధారు యంత్రము కూడ వారిని ఎఱుగనని చెప్పుట మనవైపు వింతగాదు.

భాషను గూర్చి మఱియొక మాట. ‘ధృవీకరించు’, ‘సమర్పించు’, ‘చెల్లుబాటు కాని నమోదు’ — ఇట్టి పదములను తెరమీద చూచి రైతు ఏమి గ్రహించును? ఇట్టి భాషలో వ్యాసము వ్రాయు మాకు ఆ ఆక్షేపణ చేయు నధికార మెక్కడిదని పాఠకులు నవ్వవచ్చును. నవ్వుటలో న్యాయము కలదు. కాని మా వ్యాసమున ఒక మాట తెలియకున్న పాఠకునకు పత్తి ధర పోదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుండి వెలువడు ‘మై విలేజ్ షో’ను అక్షరజ్ఞానము లేనివారు సయితము వెదకి తీసి చూచుచున్నారు, అందు వినబడునది వారి మాట. 2016లో జియో రాకతో డేటా చౌకయైనది. 2017లో గూగుల్‌వారు తెలుగు మాటను విని వ్రాయు సదుపాయమును కలిగించిరి. నాటినుండి మైకు గుర్తును ముట్టి “ఒగ్గు కథ” అని పలికినచో ఒగ్గు కథ వచ్చును. వ్రాయరానివారికి ఇంతకన్న గొప్ప ద్వారము మఱొకటి తెఱువబడలేదు. ప్రభుత్వ యాప్‌లలో నెన్నిటికి ఆ ద్వారము కలదు?

ఇట్లు ఇంత నేర్చిన యవ్వయే, పింఛను డబ్బు పడినదో లేదో చూడవలసి వచ్చినపుడు ఫోనును కుఱ్ఱవాని చేతికిచ్చును. మేము కారణమడుగగా “తప్పు ఒత్తితె పైసలు పోతయేమో” అన్నది. ఇందు అజ్ఞాన మేమున్నది? పాట తప్పుగా పెట్టినచో మఱొక పాట వచ్చును, నష్టము లేదు. కొడుకునకు చేయబోయి అల్లునకు చేసినచో ఇంటిల్లిపాది నవ్వుకొందురు. డబ్బు యాప్‌లో తప్పు త్రోవ పట్టినచో వెనుకకు వచ్చు దారి కనబడదు. ఓటీపీ కొలది నిమిషములలో చెల్లకపోవును. తప్పు జరిగినదని ఇంగ్లీషులో వ్రాసిన ఎఱ్ఱని వాక్యము వచ్చును. ఏ తప్పో, ఎట్లు దిద్దవలెనో అందుండదు. లోతులేని చోట దిగి, ములిగి, లేచి ఈత నేర్తురు. నడి చెఱువులోనికి త్రోసి ఈత రాదేమని యడుగుట మర్యాద గాదు.

ఆ భయమునకు కారణములు కల్పితములును గావు. పీఎం కిసాన్ పేరు పెట్టి వాట్సాప్‌లో పంపబడు దొంగ యాప్‌లను తెఱచి బ్యాంకు సొమ్ము పోగొట్టుకొన్నవారు మనవైపు లేకపోలేదు. అట్టి మోసము జరిగిన గడియలోనే 1930 సంఖ్యకు ఫోను చేసినచో సొమ్ము ఆగు నవకాశము కలదను సంగతి తెలిసినవారు ఆ సంఖ్యలో పదియవ వంతైనను ఉందురా యని మా సందేహము.

ఇక ఫోను నిచ్చిన తరువాత జరుగునది చూడుడు. ఒక మండల కేంద్రమున ఒక దుకాణములో మేము ఒక నోటుపుస్తకమును చూచితిమి. పేజీకి ఇరువది పేర్లు. పేరునకెదురుగ ఫోను సంఖ్య, ఆధారు సంఖ్య, రహస్య సంఖ్య. ఆ కుఱ్ఱవాడు దొంగ కాడు. తమ రహస్యసంఖ్యను మఱచిపోవువారు వచ్చినపుడు పనికివచ్చునని మంచితనముననే వ్రాసి పెట్టినాడు. అంతమంది గృహస్థుల తాళపుచెవులు ఒకని మేకునకు వ్రేలాడుచున్నవి!

న్యాయవాదులముగ మాకు కలిగిన కలత వేఱు. ప్రతి యాప్‌లోను ‘నేను అంగీకరించుచున్నాను’ అను చిన్న గడి యుండును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ఒక విషయమునకు ఇరువురును ఒకే అర్థమున ఒప్పుకొన్నప్పుడే సమ్మతి యనబడును. ఇచ్చట గడిలో గుర్తు పెట్టినవాడు దుకాణదారుడు. దాని ఫలము ననుభవించువాడు ప్రక్కన చేతులు కట్టుకొని నిలుచున్న రైతు. ఆ నిబంధనలను ఇరువురిలో నెవ్వరును చదువలేదు. దీనిని సమ్మతి యని మేము ఏ న్యాయస్థానమునందును వాదింపజాలము. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమ్మతి కోరు ప్రకటనను ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను చదువుకొను వీలుండవలెనని చెప్పుచున్నది. మంచిదే. తెలుగు ఆ షెడ్యూలులో కలదు. గోండీ లేదు.

పెద్దలు చెప్పగా విన్న నిజాము కాలపు కచేరీలు మాకు తలపునకు వచ్చుచున్నవి. నాడు కచేరీ భాష ఉర్దూ. రైతు భాష తెలుగు. తన పేర వచ్చిన తాఖీదును తాను చదువలేడు. తన అర్జీని తాను వ్రాయలేడు. పట్వారీ చెప్పినది శిస్తు. అర్జీనవీసు వ్రాసినది ఫిర్యాదు. రైతు చేయవలసినది బొటనవ్రేలు సిరాలో ముంచి నిశానీ వేయుట. 1935లో మాడపాటి హనుమంతరావు పంతులుగారి అధ్యక్షతన నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ సిరిసిల్లలో సమావేశమైన నాటికి, ఊరూర గ్రంథాలయములు పెట్టి, చదువరానివారికి పత్రిక చదివి వినిపించు ఉద్యమము నడచుచుండినది. చదివి వినిపించుట మొదటి మెట్టు మాత్రమే. వినువాడు ఒకనాటికి తానే చదువవలెననునది వారి సంకల్పము. నేటి మీసేవా కేంద్రములును, జిరాక్సు దుకాణములును ఆ మొదటి మెట్టుమీదనే మనలను నిలిపియుంచినవి. రెండవ మెట్టు ఎవరి పనియు కాకుండినది.

ఎట్లు నేర్పవలెనను దానికి మన గడ్డమీదనే పాఠము కలదు. 1940లో జోడేఘాటు కొండలలో కుమ్రం భీము కాల్చబడిన పిమ్మట, గోండుల కష్టములను విచారించుటకై నిజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని పంపినది. ఆయన మార్లవాయి గ్రామమున నివసించి, 1943లో అచ్చటనే గోండు యువకులను ఉపాధ్యాయులుగ తయారుచేయు కేంద్రమును నెలకొల్పజేసెను. చదువు మొదట గోండీలో, నేర్పువాడు గోండు, వాచకములు గోండుల బ్రతుకును గూర్చినవి. పైనుండి వచ్చిన పంతులు సాధింపలేనిది ఆ యువకులు సాధించిరి. నేటి సంగతి యేమి? నార్నూరు మండలము గుంజాలలో వెలుగుచూచిన గోండీ లిపికి 2018లో యూనికోడులో చోటు దొరకినది. అనగా ఫోనుల కక్షరములు సిద్ధము. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖవారు ‘ఆది వాణి’ యను అనువాదపు యాప్‌ను ప్రయోగరీతిని విడుదల చేసిరి. అందు గోండీ కలదు, కాని అది ఛత్తీస్‌గఢ్ గోండీ. ఉట్నూరు సంతలో పత్తి అమ్ము గోండు రైతునకు తన మాటతో పలుకు యాప్ మాకు కానరాలేదు.

ప్రభుత్వమువారు నేర్పుటకు ప్రయత్నింపలేదని మేమనము. 2017లో ప్రధానమంత్రి పేరిట గ్రామీణ డిజిటల్ అక్షరాస్యతా పథకము మొదలై 2024 మార్చితో ముగిసినది. 6 కోట్ల కుటుంబములు లక్ష్యము. 6 కోట్లకు పైబడి జనులకు శిక్షణ ముగిసినట్లు లెక్క. శిక్షణ యెంత? 20 గంటలు. ఇంటికెంతమందికి? ఒక్కరికి. ఇంటికొక్కరనగా ఎవరు పోవుదురు? పదునాలుగు మొదలు అఱువది యేండ్లవఱకు ఎవరైనను పోవచ్చును గనుక, ఇంటిలో అదివఱకే ఫోను వచ్చిన కొడుకే పోవును. తల్లి మునుపటివలెనే కొడుకు కొఱకు ఎదురుచూచును. ఇంటికొక్కరు తిన్నచో ఇంటిల్లిపాదికి కడుపు నిండునా?

అవసరమును తోటివారును కలిసినచోట తరగతి లేకయే నేర్తురనుటకు ఉపాధి హామీ పనులలోని మేట్లే సాక్షులు. 2023 జనవరి 1 నుండి కూలీల హాజరును దినమునకు రెండు మారులు యాప్‌లో ఫోటో తీసి యెక్కింపవలెనని నిర్బంధించినపుడు, ఒకరినొకరు చూచి నేర్చినారు. సిగ్నలు లేని అడవి పల్లెలలో గుట్టయెక్కి ఫోటో పంపినవారున్నారు. నేర్చిన విద్య దారి తప్పుటయు కలదు: మనుష్యులకు బదులు పాత ఫోటోకే ఫోటో తీసి పెట్టుచున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే రాష్ట్రములకు వ్రాయవలసి వచ్చినది. దానిని మేము సమర్థింపము. అయినను, పల్లెవారికి ఈ విద్య అబ్బదనువారు ఆ యుత్తరము నొకసారి చదువుట మంచిది.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఇచ్చట పేర్కొనకుండ నుండలేము. యాసిడ్ దాడికి గురియైనవారును, దృష్టిలోపము గలవారును వేసిన వ్యాజ్యములవి. బ్యాంకు ఖాతాకై కెమెరా ముందు కన్నులు ఆర్పి చూపుమని యాప్ అడుగును. ఆర్పుటకు రెప్పలే లేనివారేమి చేయుదురు? న్యాయమూర్తులు 20 ఆదేశములిచ్చుచు, డిజిటల్ సేవలను అందుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని చెప్పిరి. గ్రామీణులును, వృద్ధులును, తమ భాష యందు సేవ దొరకనివారును వెనుకబడిపోవుటను గూడ ఆ తీర్పు ప్రస్తావించినది. మా కక్షిదారులు ఈ-కోర్ట్స్ యాప్ చూచి వాయిదా తేదీని మాకంటె ముందుగ మాకే చెప్పుచున్న ఈ దినములలో, హక్కును గుర్తించిన తీర్పు గ్రామమునకు చేరుటకు ఇంకను ఎన్ని వాయిదాలో!

మేము కోరునవి అసాధ్యములు కావు. ప్రభుత్వము వెలువరించు ప్రతి యాప్‌తోను ఒక ఉత్తుత్తి యాప్‌ను గూడ ఇయ్యవలెను. అందు రైతు ఉత్తుత్తి పత్తిని ఉత్తుత్తి దినమున అమ్మి, పదిసార్లు తప్పి, పదునొకొండవసారి సరిచేసికొనును. ఎవరికిని పైస నష్టము రాదు. రాష్ట్రమున 2,601 రైతు వేదికలు కట్టబడియున్నవి. వానికొక విస్తరణాధికారియు గలడు. కొనుగోళ్లు మొదలగుటకు నెలముందు, ఆ యధికారి రైతు పేరు తాను నమోదు చేయుట మాని రైతుచేత చేయించు పని చేపట్టవలెను. ఆలస్యమగును, కానిండు. నేర్పువారిని ఆ యూరిలోని మహిళా సంఘముల నుండియే యెన్నుకొని, గోండు గూడెములలో గోండులనే నియమింపవలెను. ఇన్ని చేసినను నేర్వజాలని వృద్ధులుందురు, చేతకాని దేహములుందురు. వారికి కాగితమును, మనిషియు నుండు కిటికీ ఒకటి ఎల్లప్పుడును తెఱచియుండవలెను. యాప్ లేదని మద్దతు ధర లేదనుట మాకు సమ్మతము గాదు.

ప్రభుత్వము చేయువఱకు మేము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మా యూరి గ్రంథాలయమున ప్రతి ఆదివారము సాయంకాలము కొందఱము కూడి ఈ విద్యను నేర్పుచున్నాము. రుసుము లేదు. నేర్పువానికి ఒక్కటే నియమము: ఎదుటివారి ఫోనును తన చేతిలోనికి తీసికొనరాదు. ఈ నియమమును మొదట మీఱినవారము మేమే. చేయి ఆగదు, తొందర ఎక్కువ. ఇపుడు చేతులు వెనుకకు కట్టుకొని నిలుచుచున్నాము. గడచిన ఆదివారము ఒక యవ్వ తన పింఛను సందేశమును తానే తెఱచి, అందలి అంకెను మాకు చూపి, ఇది యింతేనా యని యడిగినది. అంతే యని చెప్పితిమి. “మరి పోరడు పోయిన నెల తక్కువ చెప్పిండు గదా” అని ఫోనును కొంగున ముడివేసికొని లేచిపోయినది.

రాగోరువారు తమ ఫోనును, ఛార్జరును వెంటతెచ్చుకొని సాయంకాలము 6 గంటలకు రావచ్చును. కొడుకులను ఇంటివద్దనే విడిచి రావలసినదిగ ప్రార్థన.